చెక్క నేల మీద నల్ల మచ్చలు: నేల పీకించకండి, చిట్టిని పంపేయకండి

ప్రశ్న: న్యూజెర్సీలో ఎడిసన్ దగ్గర 1950లలో కట్టిన ఇల్లు కొనుక్కున్నాం. హాల్లో పాత కార్పెట్ తీయిస్తే కింద ఓక్ చెక్క నేల బయటపడింది. సంబరపడిపోయి, ఉన్నదున్నట్టుగానే వాడుకుంటున్నాం. మాకు పన్నెండేళ్ల లాబ్రడార్ ఆడకుక్క ఉంది, పేరు చిట్టి. పిల్లలు దానితోనే పెరిగారు. ఏడాదిగా అది రాత్రిళ్లు హాల్లోనే మూత్రం పోసేస్తోంది. కిటికీ కింద, సోఫా పక్కన అరచేయంత నల్ల మచ్చలు పడ్డాయి. వెనిగర్ వేశాను, వంటసోడా చల్లాను, మొన్న బ్లీచ్ కూడా పోసి రుద్దాను. మచ్చ చుట్టూ తెల్లబడింది కానీ నలుపు పోలేదు. ఉక్కపోసే రోజుల్లో వాసన భరించలేం. గుంటూరు నుంచి మా అత్తయ్యగారు వచ్చారు. పూజ గది ఆ పక్కనే. ఆవిడ రోజూ ఫినాయిల్ వేసి తుడిపిస్తున్నారు, కుక్కను ఎవరికైనా ఇచ్చేయమంటున్నారు. నేలంతా పీకించి మార్చాలా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
ఎస్., ఎడిసన్

సమాధానం:

ఎస్. గారూ, మీరు రాసినదాన్ని బట్టి నేలంతా పీకించాల్సిన పనేమీ లేదు. చిట్టిని పంపేయాల్సిన అవసరం అంతకంటే లేదు. అయితే ఇప్పుడు చేస్తున్న రెండు పనులు మాత్రం ఇవాళే ఆపేయండి.

మొదటిది బ్లీచ్. మూత్రం నిలవ ఉంటే అమ్మోనియా పుడుతుంది. దాని మీద బ్లీచ్ పడితే క్లోరమైన్ అనే వాయువులు వస్తాయి. కళ్లు మండుతాయి, దగ్గు వస్తుంది, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. అదే బ్లీచ్ వెనిగర్ మీద పడితే ఏకంగా క్లోరిన్ వాయువే వస్తుంది. మీ ఇంట్లో నేలకు ముక్కు ఆనించి తిరిగే ముసలి కుక్క ఉంది, పిల్లలున్నారు. పైగా బ్లీచ్ వల్ల లాభం ఏమిటో మీరే చూశారు. బాగున్న చెక్క రంగు పోయింది, పోవాల్సిన నలుపు అలాగే ఉంది.

రెండోది ఫినాయిల్. అందులో ఉండే రసాయనాలు కుక్కలకు పడవు. పిల్లులకైతే ఫినాల్ జాతివి విషమే. అంతకంటే పెద్ద సమస్య, రోజూ తడిగుడ్డతో తుడవడం వల్ల పలకల సందుల్లోకి నీళ్లు దిగి, లోపల ఎండిన మూత్రాన్ని మళ్లీ మళ్లీ తడుపుతున్నాయి. ఈ మాట అత్తయ్యగారికి నెమ్మదిగా చెప్పండి. గుంటూరులో బండల నేలను బకెట్ నీళ్లు పోసి కడిగితేనే శుభ్రం. ఆవిడ జన్మంతా చేసింది అదే, అక్కడికి అది సరైన పని కూడా. చెక్క నేలకు మాత్రం నీళ్లే శత్రువు. వాసన పోవాలనే ఆవిడ పట్టుదల న్యాయమైనదే కాబట్టి, అది ఎలా పోతుందో చూపిస్తే ఆవిడే మీకు తోడు నిలుస్తారు.

ఇక నేల జోలికి వెళ్లే ముందు చిట్టిని వెట్ (పశువైద్యుడు) దగ్గరికి తీసుకెళ్లండి. ఇన్నేళ్లపాటు బయటికి వెళ్లి పోసుకున్న కుక్క ఉన్నట్టుండి ఇంట్లో పోస్తోందంటే అది పొగరు కాదు, మరుపు ఒక్కటే అనుకోవడానికీ లేదు. నూటికి తొంభై సందర్భాల్లో అని లెక్కలు చెప్పను కానీ, ముందు అనుమానించాల్సింది ఒంట్లో జబ్బునే. మూత్రనాళ ఇన్ఫెక్షన్, షుగర్, కిడ్నీ జబ్బు, కుషింగ్స్ అనే హార్మోన్ జబ్బు, వీటన్నిటిలోనూ కుక్క ఎక్కువగా పోస్తుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన ఆడకుక్కల్లో వయసు మీదపడ్డాక మూత్రాన్ని పట్టి ఉంచే కండరం వదులు కావడం చాలా మామూలు.

వెట్ దగ్గరికి వెళ్లేలోపు ఒక సంగతి గమనించి పెట్టుకోండి. చిట్టి నిద్రలోనే, పడుకున్న చోటే తడిపేస్తోందా, లేక లేచి కిటికీ దాకా నడిచి వెళ్లి కూర్చుని పోస్తోందా? పడుకున్న చోటే తడి కనిపిస్తే కండరం వదులైన కేసు కావచ్చు, దానికి మంచి మందులున్నాయి. లేచి వెళ్లి పోస్తుంటే, నీళ్లు ఎక్కువ తాగుతోందేమో, గిన్నె ఇదివరకటి కంటే త్వరగా ఖాళీ అవుతోందేమో చూడండి. పొద్దున్నే పోసే మొదటి మూత్రాన్ని శుభ్రమైన డబ్బాలో పట్టుకెళితే వెట్‌కు సగం పని తేలికవుతుంది. రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి బయటికి తిప్పడం, పరుపు కింద వాటర్‌ప్రూఫ్ షీట్ వేయడం, హాలుకు పిల్లల గేటు అడ్డం పెట్టడం ఈ రాత్రి నుంచే మొదలుపెట్టొచ్చు. చిట్టి కొన్ని వారాలపాటు పొడిగా ఉందని తేలేదాకా నేల మీద డాలర్ కూడా ఖర్చుపెట్టకండి. కొత్తగా పాలిష్ పట్టిన నేల మీద మళ్లీ పోస్తే చేసిన పనంతా వృథా.

ఇప్పుడు ఆ నలుపు సంగతి. అది మురికి కాదు, అందుకే మీరెంత రుద్దినా రాలేదు. శ్రీకాళహస్తిలో కలంకారీ పని చూసినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెట్టిన బట్ట మీద, తుప్పుపట్టిన ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన నీళ్లతో గీత గీస్తారు. కలం తాకిన చోటల్లా గీత నల్లగా తేలుతుంది. కరక్కాయలోని టానిన్లు అనే వగరు పదార్థాలు ఇనుముతో కలవడం వల్ల వచ్చే నలుపు అది, ఉతికినా పోదు. మీ ఓక్ చెక్కలోనూ టానిన్లు దండిగా ఉన్నాయి. పలకల్ని బిగించిన మేకులు ఇనుపవి. మధ్యలో కావాల్సిన తడిని చిట్టి సమకూర్చింది. మచ్చల్ని దగ్గరగా చూడండి, మేకులున్న చోట, పలకల అంచుల వెంబడి నలుపు మరింత చిక్కగా ఉంటుంది.

ఇనుము లేకపోయినా ఓక్ రంగు మారుతుంది. మూత్రంలోని యూరియాను బ్యాక్టీరియా విరగ్గొడితే అమ్మోనియా వస్తుంది. ఆ అమ్మోనియా టానిన్లను ముదురు గోధుమ రంగుకు తెస్తుంది. 1900 ప్రాంతంలో అమెరికాలో గుస్తావ్ స్టిక్లీ లాంటి ఫర్నిచర్ తయారీదారులు ఓక్ బల్లలకు, కుర్చీలకు కావాలనే అమ్మోనియా ఆవిరి పట్టించి ఆ ముదురు రంగు తెప్పించేవారు. కాబట్టి మీ నేల మీద ఉన్నవి రెండు రకాల మరకలు. గోధుమ రంగుది ఒకటి, ఇనుముతో వచ్చిన నలుపు ఇంకొకటి. రెండింటికీ మందులు వేరు.

వాసన మూడో సంగతి. ఎండిన మూత్రంలోని లవణాలు గాలిలోని తేమను పీల్చుకుంటాయి. అందుకే జులై, ఆగస్టు ఉక్కలో మీ హాలు కంపు కొట్టి, జనవరిలో హీటర్ నడుస్తుంటే ఏమీ లేనట్టు ఉంటుంది.

ఇక్కడ ఒక అనుమానం చెప్పాలి. కార్పెట్ తీసినప్పుడే ఆ నేల మీద పాత మచ్చలేమైనా ఉన్నాయా? 1950ల ఇళ్లలో కార్పెట్ల కింద పాతవాళ్ల కుక్కల, పిల్లుల మరకలు దాగి ఉండడం మామూలే. వాసన అంతా చిట్టిదే కాకపోవచ్చు. ఒక చిన్న యూవీ టార్చి కొని, రాత్రి లైట్లన్నీ ఆర్పి, నేలకు దగ్గరగా పట్టి గది మొత్తం చూడండి. మూత్రం పడ్డ చోటు పసుపుపచ్చగా, ఆకుపచ్చగా మెరుస్తుంది. సబ్బులు, కొన్ని క్లీనర్లు కూడా అలాగే మెరుస్తాయి కాబట్టి మెరిసిన ప్రతిచోటా వంగి వాసన చూసి రూఢి చేసుకోండి. నిజమైన చోట్ల చుట్టూ నీలి పెయింటర్స్ టేప్ అంటించండి. తెల్లారాక చూస్తే మీరు బాగుచేయాల్సింది ఎంతో ఒక మ్యాప్‌లా కనిపిస్తుంది. ఈ పనికి అత్తయ్యగారిని పక్కన పెట్టుకోండి. పూజ గది వైపు నేల శుభ్రంగా ఉందని కళ్లారా చూస్తే ఆవిడకు సగం బెంగ తీరుతుంది.

తరవాత తేల్చుకోవాల్సింది లోతు. మచ్చ పైపూత దగ్గరే ఆగిందా, చెక్కలోకి దిగిందా, చెక్క దాటి దాని అడుగున ఆధారంగా పరిచిన చెక్క పొర (సబ్‌ఫ్లోర్) దాకా పోయిందా అన్నది తెలియకుండా ఏ మందు వేసినా అది గుడ్డి వైద్యమే. మచ్చ మీద ఒక్క నీటి బొట్టు వేసి ఐదు నిమిషాలు చూడండి. బొట్టు ముత్యంలా నిలబడితే పైపూత ఇంకా బతికే ఉంది. పరుచుకుని చెక్క రంగు ముదిరితే పూత పోయింది, మూత్రం లోపలికే వెళ్లింది. నలుపు కనిపిస్తోందంటే చాలావరకు ఈ రెండో స్థితే.

పూత బతికున్న చోట, సందుల్లో వాసన మాత్రమే ఉన్నచోట, మూత్రాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ క్లీనర్ చాలు. చెక్క నేలకు పనికొస్తుందని సీసా మీద రాసి ఉన్నదే కొనండి. ముందుగా గట్టిగా పిండిన గుడ్డతో మంచినీళ్ల తుడుపు ఒకటి పెట్టి బ్లీచ్, వెనిగర్, ఫినాయిల్ జాడలు తీసేయండి. అవి ఉంటే ఎంజైములు, అందులోని మేలు చేసే బ్యాక్టీరియా పనిచేయవు. తరవాత క్లీనర్ వేసి, సీసా మీద చెప్పినంతసేపు తడిగా ఉండనివ్వండి. చాలామంది వేసిన వెంటనే తుడిచేసి పనిచేయలేదంటారు. అది సబ్బు కాదు, దానికి సమయం కావాలి. అలాగని నేల మీద చెరువు కట్టకూడదు. ఆవిరితో తుడిచే స్టీమ్ మాప్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. వేడి, తేమ రెండూ చెక్కలోకి దూరి మరకను ఇంకా లోపలికి తోస్తాయి.

మచ్చ చెక్కలోకి దిగిన చోట పని పెద్దది. ముందు అక్కడి పూతను సాండ్‌పేపర్‌తో తీసి వట్టి చెక్క కనిపించేలా చేయాలి. మచ్చ ఆకారంలో గుండ్రంగా గీకకండి, అది జన్మంతా కనిపిస్తుంది. మచ్చ పడిన పలకను ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, చెక్క గీత వెంబడి గీకండి. మీ ఇల్లు 1978కి ముందుది. ఆ సంవత్సరమే అమెరికాలో ఇళ్లకు సీసం కలిసిన రంగులు వాడడాన్ని నిషేధించారు. పాత పూతల్లో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి గీకే ముందు తప్పకుండా పరీక్ష చేయించండి. ఉందని తేలితే ఆ పని మీరు చేయకండి, లైసెన్స్ ఉన్నవాళ్లకే వదిలేయండి.

వట్టి చెక్క తేలాక మొదట ప్రయత్నించాల్సింది హైడ్రోజన్ పెరాక్సైడ్. మందుల షాపులో గోధుమ రంగు సీసాలో దొరికే 3 శాతానిది. గ్లౌజులు వేసుకుని, తెల్లటి పాత నూలు గుడ్డను అందులో ముంచి, కారకుండా పిండి, మచ్చ మేరకే మడిచి పరచండి. పైన వంటింట్లో వాడే ప్లాస్టిక్ ర్యాప్ కప్పి, అంచుల మీద ఏదైనా బరువు పెట్టండి. లేకపోతే గుడ్డ త్వరగా ఎండిపోతుంది. గంటకోసారి ర్యాప్ ఎత్తి చూడండి. గుడ్డ కింద సన్నటి నురుగు కనిపిస్తుంది, గోధుమ రంగు నెమ్మదిగా తేలికవుతూ వస్తుంది. పక్క పలక రంగుకు కాస్త ఇవతలే ఆపేయండి. తడిగా ఉన్నప్పుడు చెక్క ముదురుగా కనిపిస్తుంది, ఆరాక ఇంకో మెట్టు తెల్లబడుతుంది. మొదటిసారే రాత్రంతా వదిలేస్తే చెక్క సొంత రంగు కూడా పోయి పాలిపోయిన చార మిగులుతుంది. ఒకటి రెండు రోజులు పూర్తిగా ఆరనిచ్చి, చాలకపోతే మళ్లీ వేయొచ్చు.

పెరాక్సైడ్‌కు గోధుమ రంగు పోయి, మేకుల చుట్టూ నీలిచాయ నలుపు మిగిలిందనుకోండి. అదే కలంకారీ నలుపు. దానికి ఆక్సాలిక్ యాసిడ్ కావాలి. హార్డ్‌వేర్ షాపుల్లో వుడ్ బ్లీచ్ పేరుతో పొడిగా దొరుకుతుంది. ఇనుమును టానిన్ల నుంచి విడదీసి కరిగించడం దాని పని. అయితే ఇది విషం. మనుషులకూ, కుక్కలకూ. గ్లౌజులు, కళ్లను కాపాడే గాగుల్స్, మాస్కు లేకుండా డబ్బా మూత తీయకండి. లోహపు గిన్నె కాకుండా ప్లాస్టిక్ బకెట్‌లో, డబ్బా మీద చెప్పిన కొలతకే వేడినీళ్లలో కలిపి, పలక మొత్తానికి బ్రష్‌తో పూయండి. నలుపు తేలిపోయాక శుభ్రమైన నీటి గుడ్డతో తుడిచి, వంటసోడా కలిపిన నీళ్లతో ఇంకోసారి, మళ్లీ మంచినీళ్లతో ఇంకోసారి తుడవాలి. ఆరాక తెల్లటి పొడి మిగిలితే ఊడ్చకండి, దాని మీద సాండ్‌పేపర్ పెట్టకండి, తడిగుడ్డతోనే తీయండి. ఆ దుమ్ము ముక్కులోకి పోకూడదు. పని పూర్తయ్యేదాకా చిట్టి, పిల్లలు ఆ గది గడప తొక్కకూడదు. ఇంత జాగ్రత్త మీ వల్ల కాదనిపిస్తే సంకోచించకుండా పనివాళ్లను పిలవండి. పెరాక్సైడ్, ఆక్సాలిక్ ఎన్నడూ కలపకండి, ఒకటి పూర్తిగా తుడిచి ఆరాకే రెండోది.

ఇంత చేసినా అన్ని మచ్చలూ పోతాయని చెబితే అది అబద్ధం. కొద్ది నెలల మచ్చలు చాలావరకు తేలిపోతాయి. ఏళ్ల తరబడి నానిన చోట అంచులు తేలిపోయి నడిమధ్యన బూడిద రంగు మిగులుతుంది. అక్కడ పలక మార్చడమే మార్గం, అదేమీ విపత్తు కాదు. ఆ కాలపు ఇళ్లలో ఓక్ పలకలు సాధారణంగా రెండుంపావు అంగుళాల వెడల్పు, ముప్పావు అంగుళం మందం ఉంటాయి. ఐదో ఆరో పలకలు కోసి తీసి, కొత్తవి అమర్చడం నేల పనివాళ్లకు రోజూ చేసే పనే.

వాళ్లతో మాట్లాడేటప్పుడు ఒక్క మాట అడగండి. కొత్త పలకలకు బదులు మీ ఇంట్లోనే ఏదైనా క్లాజెట్ లోపలి పలకలు తీసి హాల్లో వేసి, కొత్తవి క్లాజెట్‌లో వేయగలరా అని. డెబ్బై ఏళ్లు మీ ఇంటి గాలి, వెలుతురు పట్టిన చెక్కతో హాలు అతుకు తెలియకుండా కలిసిపోతుంది. క్లాజెట్‌లో రంగు తేడా ఎవరికి కనిపిస్తుంది? కొత్తవే వేయాల్సి వస్తే మీది రెడ్ ఓకా, వైట్ ఓకా అన్నది ముందు తేల్చుకోమనండి. రెడ్ ఓక్‌లో గులాబీ ఛాయ ఉంటుంది, వైట్ ఓక్ కాస్త మట్టి రంగు. ఒకదాని పక్కన ఇంకొకటి వేస్తే ఏ పాలిష్ కింద పెట్టినా బయటపడుతుంది.

పలకలు తీసిన రోజు మీరు ఇంట్లో ఉండండి. అడుగున ఉన్న సబ్‌ఫ్లోర్ చెక్కను మీ ముక్కుతో మీరే చూడాలి. వాసన అక్కడిదాకా దిగి ఉంటే ఎంజైమ్ క్లీనర్ వేసి, పూర్తిగా ఆరాక షెల్లాక్ ప్రైమర్ పూయించాలి. జిన్సర్ బిన్ అని అడిగితే పెయింట్ షాపువాళ్లు ఇస్తారు. షెల్లాక్ అంటే లాడ్ బజార్ గాజులకు వాడే లక్కే. వాసనను లోపలే బంధించడంలో మామూలు పెయింట్లు దాని దరిదాపులకు రావు. ఈ మెట్టు వదిలేసి పైన ఎంత అందంగా పాలిష్ పట్టినా, వచ్చే వేసవి ఉక్కలో మళ్లీ అదే వాసన. మళ్లీ చిట్టి కూడా ఆ వాసన పట్టుకునే అదే చోటికి వస్తుంది.

పలకలు మార్చాక హాలు మొత్తం సాండింగ్ చేయించుకోవడమే మంచిది, ముక్కలు ముక్కలుగా చేస్తే అతుకులు కనిపిస్తాయి. ఎన్నిసార్లు గీకడానికి చెక్క మిగిలి ఉందో మీరే చూసుకోవచ్చు. నేలలో హీటర్ గాలి వచ్చే రంధ్రం మీది ఇనుప జాలీ ఎత్తితే పలక అంచు పక్క నుంచి కనిపిస్తుంది. పలకల్ని కలిపే గాడి పైన పావు అంగుళం దాకా చెక్క ఉంటే నిశ్చింత. గాడి దగ్గరికి వచ్చేసినా, మేకు తలలు పైకి కనిపిస్తున్నా ఆ నేల ఇదివరకే చాలాసార్లు గీకించుకుంది, పనివాళ్లకు ముందే చెప్పండి. మచ్చలు మరీ ఎక్కువగా తేలితే హాలంతా ముదురు వాల్‌నట్ రంగు వేయించుకోవడం ఇంకో దారి. నాకు అది అంత ఇష్టం ఉండదు, లేత ఓక్ అందమే వేరు. ముదురు రంగు మీద కుక్క వెంట్రుకలు, గోళ్ల గీతలు కూడా ఎక్కువ కనిపిస్తాయి. ఇన్సూరెన్స్ మీద మాత్రం ఆశ పెట్టుకోకండి, సొంత పెంపుడు జంతువులు చేసిన నష్టాన్ని సాధారణంగా ఇంటి పాలసీలు ఇవ్వవు.

ఇది చదువుతున్న హైదరాబాద్, విజయవాడ పాఠకులు ఈ మందులు మీ నేలకు పూయకండి. అక్కడి ఫ్లాట్లలో వేసేవి ఎక్కువగా లామినేట్ లేదా ఇంజనీర్డ్ పలకలు. లామినేట్ పైన కనిపించేది చెక్క కాదు, చెక్క బొమ్మ అచ్చు. దాన్ని గీకితే బొమ్మ పోతుంది. మూత్రం సందులోకి దిగి అంచు ఉబ్బితే ఆ పలక మార్చడం తప్ప దారి లేదు. ఇంజనీర్డ్‌లో పైపొర నిజమైన చెక్కే అయినా కొన్నిటిలో ఒక్క మిల్లీమీటరు కూడా ఉండదు. రెంటికీ సూత్రం ఒకటే, పడిన నిమిషంలో పొడిగుడ్డతో అద్దాలి, రుద్దకూడదు. అమెరికాలో అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు కూడా ఎంజైమ్ క్లీనర్ దాటి ముందుకు వెళ్లకండి. ఓనర్‌కు ఫొటోలతో మెయిల్ పెట్టి, ఆయన అనుమతి రాతలో తీసుకున్నాకే గీకడం మొదలుపెట్టండి.

ఎస్. గారూ, చివరగా పైపూత. కుక్క ఉన్న ఇంటికి పాలీయురిథేన్ మంచిది, సందులు బాగా మూసుకునేలా రెండు మూడు పూతలు వేయించండి. నూనె ఆధారితమైనది వాడితే కొన్ని రోజులు ఘాటు వాసన ఉంటుంది, అత్తయ్యగారినీ చిట్టినీ వేరే చోట ఉంచగలిగితేనే అది వేయించండి, లేదంటే నీటి ఆధారితమైనది. పూత పైకి ఆరినట్టు కనిపించినా లోపల గట్టిపడడానికి వారాలు పడుతుంది. చిట్టి గోళ్లు ముందే కత్తిరించి ఉంచండి. సోఫా కాళ్లకు ఫెల్ట్ అంటించి మూడు నాలుగు రోజుల తరవాత మెల్లగా ఎత్తి పెట్టండి, ఈడ్చకండి. రగ్గు మాత్రం నీటి పూతకు రెండు వారాలు, నూనె పూతకు నెల రోజులు గడిచాకే పరవండి. రబ్బరు అడుగున్న మ్యాట్ అసలు వద్దు, అది పూత రంగు మార్చేస్తుంది.